34 కిలోల పడవకి విడిగా ఒక ట్రిప్పు

మీరెప్పుడైనా పరుపుని స్కూటరు మీద ఇంటికి తెచ్చుకున్నారా? దూది పరుపు కాదండీ, ఇప్పుడొస్తున్న ఫోము పరుపు. చిన్నపిల్ల కూడా అవలీలగా ఎత్తేస్తుంది దాన్ని. కానీ వెనకాల కూర్చుని పట్టుకుని నాలుగు వీధులు దాటేసరికి మన భుజాలు ఊడొస్తాయి. ఎదురుగాలి కొట్టిందంటే బండి ఓ పక్కకి లాగేస్తుంది. అదే బండి మీద పాతిక కిలోల బియ్యం బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని హాయిగా వచ్చేస్తాం. బరువు వేరు, గాలికి అడ్డు పడటం వేరు అన్నమాట. ఇంత చిన్న సంగతి మీద మా చెల్లెలి ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య రెండు రోజులు మాటల్లేవంటే నమ్ముతారా? అదీ అలాస్కాలో, ఒక పడవ గురించి!

మా చెల్లెలు, మా మరిదిగారు పదకొండేళ్ళుగా యాంకరేజ్ అనే ఊళ్ళో ఉంటున్నారు. ఆయనకి అక్కడి ఆస్పత్రిలో ల్యాబ్ ఉద్యోగం. 2025 మే నెలలో చెల్లెలికి ఆపరేషనైతే, ఇంట్లో ఓ మనిషి సాయం ఉండాలని నన్ను రప్పించారు. ఇంటరుతో చదువు ఆపేసినదాన్ని, ఒంటరిగా మూడు విమానాలు మారి వెళ్ళాను. ఆ కథ ఇంకోసారి చెప్తాను. జులైకల్లా చెల్లెలు కోలుకుంది. "పాపం అక్క వచ్చినప్పట్నించీ వంటింట్లోనే ఉంది, ఎక్కడికైనా తీసుకెళ్దాం" అన్నారు మరిదిగారు. అక్కడ మొదలైంది.

అలాస్కా సంగతి మీకు కొంచెం చెప్పాలి. మన దేశంలో సగం ఉంటుంది ఆ ఒక్క రాష్ట్రమే. కానీ రోడ్లు తక్కువ. వాళ్ళ రాజధాని జూనోకి బయటినించి రోడ్డే లేదంటే ఇక చూసుకోండి. విమానంలోనైనా వెళ్ళాలి, ఓడలోనైనా వెళ్ళాలి. లోపలి ఊళ్ళకి, చెరువుల ఒడ్డున కట్టుకున్న చెక్క ఇళ్ళకి చిన్న విమానాలే గతి. దిగడానికి నేల చదునుగా ఉండదు గానీ చెరువులకి కొదవలేదు. అందుకని విమానానికి చక్రాల బదులు రెండు పొడుగాటి డొల్ల పడవల్లాంటివి తగిలిస్తారు. వాటిని ఫ్లోట్లంటారు. వాటిమీద తేలుతుంది, వాటిమీదే నీళ్ళలో జారుతూ పోయి లేస్తుంది. 2024 నవంబరు 9న విజయవాడ నించి శ్రీశైలానికి ప్రయోగంగా సీప్లేన్ నడిపినప్పుడు టీవీలో మీరూ చూసే ఉంటారు. అది పెద్దది, రెండు ఇంజన్లది. నేను చెప్పేవి దాని చిన్నపిల్లలు, ముందు ఒకటే ఇంజను.

యాంకరేజ్‌లో లేక్ హుడ్ అని ఒక చెరువుంది. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే నీటి విమానాల రేవుల్లో అదొకటి. మన కాలవల్లో పడవలు కట్టేసినట్టు ఒడ్డు పొడుగునా విమానాలు కట్టేసి ఉంటాయి. నేను సాయంత్రం నడకకి అటే వెళ్ళేదాన్ని. వాళ్ళకి జూన్, జులైల్లో రాత్రి పది దాటినా వెలుగే కదా, ఎంతసేపు చూసినా చీకటి పడదు. ఆ చిన్న విమానాల్లోకి వాళ్ళు ఎక్కించే సామాను చూస్తే మా టెంట్‌హౌసే గుర్తొచ్చింది. మావారిది షామియానా సప్లై వ్యాపారం లెండి. ఇనప గొట్టాలు, కుర్చీలు, గుండిగలు, గాడిపొయ్యిలు టాటా ఏస్ బండికెక్కించడం ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. అందుకే నా కళ్ళు విమానం రెక్కల మీద కాకుండా తాళ్ళ మీదకే పోయాయి.

లోపల పట్టేది లోపల పెడతారు. పట్టనిది బయట కడతారు. పొడుగాటి చెక్కలు రెండు ఫ్లోట్ల మధ్య అడ్డకమ్మీల మీద కట్టిన విమానాన్ని ఒకదాన్ని చూశాను. వేటకెళ్ళినవాళ్ళు మూస్ అనే పెద్ద దుప్పి కొమ్ములు తెచ్చుకుంటారట, అవి లోపలికి ఎలాగూ దూరవు. ఇక పడవ సంగతి సరేసరి. చెరువు ఇంటికెళ్ళేవాడికి పడవ కావాలి, అక్కడికి రోడ్డు లేదు, మరి పడవని విమానం మొయ్యాల్సిందే. నీళ్ళమీద నడిచే పడవని ఆకాశంలో తీసుకుపోతుంటే చూడటం నాకు భలే వింతగా ఉండేది.

ఇప్పుడు గొడవలోకి వద్దాం. మరిదిగారి ఆఫీసులో ఒకాయనకి కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయకి అవతల, అరగంట ప్రయాణంలో, ఒక చెరువు మీద చెక్క ఇల్లుంది. "నాలుగు రోజులు ఉండి రండి, అద్దె వద్దు, నా కెనూ ఒకటి ఇక్కడ పడుంది, అది మాత్రం తీసుకెళ్ళి అక్కడ పెట్టండి" అన్నాడట. కెనూ అంటే తెడ్లతో నడుపుకునే సన్నటి పడవ. ఇది అల్యూమినియంది, 17 అడుగుల పొడుగు, బరువు సుమారు 34 కిలోలు. నా బరువు 71. నవ్వకండి, ఆ విమానం వాళ్ళు అందర్నీ కాటా ఎక్కిస్తారు, సంచులతో సహా. ఊరికే నోటితో చెప్తే ఒప్పుకోరు. "ఆడవాళ్ళు ఒక అంకె చెప్తారు, మగవాళ్ళు ఇంకో అంకె చెప్తారు, కాటా ఒకటే చెప్తుంది" అన్నాడు ఆ పైలట్.

మరిదిగారు ఫోన్లో మాట్లాడితే ఆ కంపెనీవాళ్ళు ఏమన్నారంటే, పడవ ఒక ట్రిప్పు, మనుషులు ఒక ట్రిప్పు, రెండింటికీ డబ్బు కట్టాలి అన్నారు. ఒక్కో ట్రిప్పు మన రూపాయల్లో అరలక్షకి పైమాటే. ఆయన మొహం చూడాలి! "వదినగారూ, మీరే చెప్పండి. మనం నలుగురం, పిల్లాడితో సహా, సామానుతో కలిపి విమానం మోసే బరువుకి ఇంకా బోలెడు తక్కువున్నాం. 34 కిలోలకి ఇంకో విమానమా? ఇది దోపిడీ కాదూ?" అన్నారు. నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం ఆయన మాట సబబుగానే అనిపిస్తుంది ఎవరికైనా.

ఇంతలో ఆయన స్నేహితుడెవరో, సొంత విమానం ఉన్న ఒకాయన్ని చూపిస్తానన్నాడు. పెట్రోలు ఖర్చులిస్తే చాలు, పడవ కట్టేసి మనుషుల్నీ ఎక్కించేసి ఒక్కసారే దింపేస్తాడట. మరిదిగారు సరేననేశారు. అప్పుడు మా చెల్లెలు అడ్డం తిరిగింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని పిల్ల, "పిల్లాణ్ణి ఎక్కించను. నేనూ ఎక్కను. అక్కనీ ఎక్కనివ్వను" అంది.

దానికి కారణముంది. 2023 సెప్టెంబరు 12న అక్కడొక ప్రమాదం జరిగింది. అప్పుడు అలాస్కా తరఫున అమెరికా పార్లమెంటులో సభ్యురాలిగా ఉన్న మేరీ పెల్టోలా గారి భర్త యూజీన్ పెల్టోలా, సెయింట్ మేరీస్ అనే ఊరి దగ్గర ఒంటరిగా చిన్న విమానం నడుపుతూ పోయారు. అది నీటి విమానం కాదు, కొండమీద దిగే సూపర్ కబ్. వేటగాళ్ళ మూస్ మాంసం లోపల, దాని కొమ్ములు బయట కుడి రెక్క కమ్మీకి కట్టి ఉన్నాయి. విచారణ చేసినవాళ్ళు, బరువు పరిమితి మించిందనీ, కొమ్ములు అలా బయట కట్టడానికి అనుమతి లేదనీ, కొండగాలి తోడైందనీ రాశారు. ఆయన అనుభవం లేని మనిషి కాదు. ఆ వార్త వచ్చినప్పుడు ఊరంతా మాట్లాడుకున్నారట. మా చెల్లెలికి అది మనసులో ఉండిపోయింది.

మరిదిగారు, "అది వేరు, ఇది వేరు" అన్నారు. అది "మీకు డబ్బే ముఖ్యం" అంది. ఇక చూస్కోండి. ఆ రెండు రోజులూ "వదినగారూ, కాఫీ ఉందేమో కనుక్కోండి" అని ఆయన, "అక్కా, ఫ్లాస్కులో ఉందని చెప్పు" అని ఇది. నేను మధ్యలో తంతి తీగనైపోయాను.

నాకు మాత్రం ఒకటే సందేహం. 71 కిలోల నన్ను కూర్చోబెట్టుకునే విమానానికి 34 కిలోల పడవ ఎందుకు బరువైంది? మొగుడూ పెళ్ళాలిద్దరూ అరుచుకున్నారే గానీ ఈ మాట ఎవరూ అడగలేదు. మర్నాడు నడకకెళ్ళినప్పుడు మా చెల్లెలి కొడుకుని వెంటపెట్టుకుని ఆ కంపెనీ రేవు దగ్గరికే వెళ్ళాను. వాడికి పదేళ్ళు, ఇంగ్లీషు వాడిదే కదా. అక్కడ అరవై దాటిన పైలట్ ఒకాయన ఫ్లోట్ల లోపలికి ఊరిన నీళ్ళు చేతిపంపుతో తోడుతున్నాడు. రోజూ పొద్దున్నే అదొక పని వాళ్ళకి, మనం వాకిలి ఊడ్చినట్టు. పిల్లాడు నా ప్రశ్న అడిగాడు. ఆయన పంపు పక్కన పెట్టి, ఒడ్డున పడున్న ఒక పలచటి చెక్కముక్క తీసి నా చేతికిచ్చి, గాలి వస్తున్న వైపు తిప్పి పట్టుకోమన్నాడు. మణికట్టు వెనక్కి వంగింది. అదే చెక్కని అంచుమీద గాలికి సూటిగా పెట్టమన్నాడు. ఏమీ తెలియలేదు. "ఇప్పుడు ఈ గాలికి పదిరెట్లు వేగం అనుకో" అన్నాడు. మనం చేటతో గాలికి ఎదురు నిలబడి తూర్పారబడితే ఎలా ఉంటుందో అదన్నమాట!

ఆయన చెప్పింది నాకర్థమైనంత మేరకు చెప్తాను. విమానం లోపల కూర్చున్న మనిషి బరువే, గాలికి కనిపించడు. బయట కట్టిన పడవ గాలికి కనిపిస్తుంది. పడవ ఒక పక్కనే ఉంటుంది కాబట్టి ముక్కు అటు తిరిగిపోతూ ఉంటుంది, దాన్ని సరిచెయ్యడానికి కాలితో అదేపనిగా తొక్కిపట్టాలి. వేగం తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పైకి ఎక్కడం మందగిస్తుంది. వీటన్నిటికంటే అసలైంది ఇంకోటుంది. పడవ దాటి వెనక్కొచ్చే గాలి కలతబడి, సుళ్ళు తిరుగుతూ పోయి తోకకి తగులుతుంది. విమానాన్ని నిలబెట్టేది తోక. దానికి మంచి గాలి అందకపోతే పైలట్ చెప్పినమాట విమానం వినదు. విమానం ఒక వేగం కంటే తగ్గితే రెక్కలు పట్టు వదిలేసి పడిపోతుంది కదా, బయట సామాను కడితే ఆ ప్రమాదం మామూలు కంటే ముందే వస్తుందట. ఎంత ముందు అన్నది కట్టిన వస్తువుని బట్టి, కట్టిన తీరుని బట్టి మారుతుంది. అందుకే వాళ్ళ విమానశాఖవాళ్ళు ఏ విమానానికి ఏది ఎలా కట్టొచ్చో విడిగా చూసి అనుమతిస్తారు. వీళ్ళకున్న అనుమతి కింద పడవ కట్టినప్పుడు లోపల ప్రయాణికులు ఉండకూడదు. "నా ప్రాణం నా ఉద్యోగం. నీది కాదు" అన్నాడు ఆయన మా పిల్లాడితో. వాడు అది తెలుగులో చెప్తూ కొంచెం ఆగాడు.

ఈ బాధ పడలేక ఇప్పుడు చాలామంది గాలి కొట్టుకునే రబ్బరు పడవలు, మడత పెట్టే కెనూలు కొనుక్కుని లోపలే పెట్టుకుపోతున్నారట. ఇనప పొయ్యిలాంటి మహా బరువులైతే చలికాలం దాకా ఆగి, చెరువులు గడ్డకట్టాక మంచు బండ్ల మీద లాక్కెళ్తారు. తెలివైన పని. అన్నిటికీ తొందర పడకూడదు.

ఇంటికొచ్చి నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లాడే వాళ్ళ నాన్న దగ్గర అట్టముక్క పట్టుకుని కిటికీ దగ్గర ఫ్యాను పెట్టి మొత్తం ఆడి చూపించాడు. మరిదిగారు చాలాసేపు చూశారు. "డెనాలి ట్రిప్పు క్యాన్సిల్ చేస్తే సరిపోతుంది" అన్నారు చివరికి. డెనాలి అంటే అక్కడి పెద్ద పర్వతం, ఉత్తర అమెరికా మొత్తంలో ఎత్తయినది. దాన్ని చూడాలని నేను ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చాను. అది పోయింది. కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి రెండు ట్రిప్పులూ ఖాయం చేశారు.

ఆ రోజు పొద్దున పడవ కట్టడం దగ్గరుండి చూశాను. మావారి దగ్గర పనిచేసే కుర్రాళ్ళందర్నీ తీసుకొచ్చి చూపించాలనిపించింది. ముందు పడవలో ఉన్నవన్నీ తీసేశాడు. తెడ్లు, లైఫ్ జాకెట్లు, చివరికి అడుగున పడున్న తాడుముక్క కూడా తీసి విమానం లోపల పెట్టాడు. కుడివైపు ఫ్లోటు మీద రబ్బరు ముక్కలు పరిచి, పడవని ఒక అంచు మీద నిలబెట్టాడు. తెరిచిన వైపు విమానం కమ్మీలకి ఆనేలా, నున్నటి అడుగు బయటికి ఉండేలా పెట్టాడు. లేకపోతే గాలి పళ్ళెంలో పోసినట్టు లోపల నిండుతుంది కదా. కొస ముందుకి. ఆ కొసకి గుడ్డ తొడుగు బిగించాడు. తరవాత పట్టీలు. ఒక్కో పట్టీని బిగించేముందు ఒక మెలిక తిప్పాడు. ఎందుకని అడిగితే, పట్టీ చదునుగా ఉంటే గాలికి రెపరెపలాడి వణుకుతుంది, మెలిక ఉంటే వణకదు అన్నాడు. నైలాన్ తాడు వాడలేదు, అది తడిస్తే సాగుతుంది. పట్టీల చివర్లు వేలాడకుండా చుట్టి, లోపలికి దోపి, టేపు వేశాడు. ముడి అయిపోయాక పడవని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. పడవ కాదు, విమానం మొత్తం ఊగింది. "అలా ఉండాలి" అన్నాడు.

తలుపులు తెరిచి చూసుకున్నాడు, పడవ అడ్డం రావట్లేదు కదా అని. నీళ్ళలో తిప్పుకోడానికి ఫ్లోట్ల వెనకాల చిన్న చుక్కానులుంటాయి, వాటి తీగలు ఎక్కడా పట్టీ కింద నలగలేదు కదా అని వేలితో తడిమి చూశాడు. ముందు ఫంకాకి, పడవ కొసకి మధ్య జాగా చూశాడు. ఇంత చేసి, రేవు చుట్టూ ఒకసారి తిప్పుకొచ్చి, ఆపి, మళ్ళీ పట్టీలన్నీ బిగించాడు.

ఆ విమానం పేరు బీవర్. కెనడా దేశంలో డి హావిలాండ్ కంపెనీవాళ్ళు చేసింది. ఇప్పుడు విజయవాడలో దిగిందే, దాన్ని చేసింది కూడా ఆ కంపెనీయే. బీవర్ మొదటిసారి ఎగిరింది 1947 ఆగస్టు 16న, అంటే మనకి స్వాతంత్ర్యం వచ్చిన మర్నాడు. 1967 వరకు 1,600కి పైగా చేశారు. తరవాత చెయ్యలేదు. అయినా ఇప్పటికీ తిరుగుతున్నాయి. దాన్ని తయారుచేసేముందు కంపెనీవాళ్ళు అడవుల్లో విమానాలు నడిపేవాళ్ళనే అడిగారట, మీకేం కావాలని. వాళ్ళడిగినవాటిలో పెద్ద తలుపులొకటి. పెట్రోలు పీపా దొర్లించుకుంటూ లోపలికి తోసెయ్యగలిగేంత వెడల్పు పెట్టారు. మన వంటిళ్ళు కట్టేవాళ్ళు కూడా వండేవాళ్ళని ఒక్కమాట అడిగితే ఎంత బావుండును!

ఇంకో తమాషా. ఆ అల్యూమినియం కెనూని మొదట చేసింది కూడా విమానాల కంపెనీయే. అమెరికాలో గ్రమ్మన్ అనే కంపెనీ రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధ విమానాలు చేసింది. అందులో పెద్ద ఉద్యోగి ఒకాయన 1944లో చెక్క కెనూని అడవిలో మోసి మోసి విసిగిపోయి, విమానం రేకుతో పడవ ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడట. యుద్ధం అయ్యాక అవే అమ్మారు. విమానం రేకుతో చేసిన పడవ విమానం ఎక్కిందన్నమాట, పుట్టింటికి వెళ్ళినట్టు.

పడవతో పైలట్ ఒక్కడే బయల్దేరాడు. నేను ఒడ్డున నిలబడి మనసులో అంకెలు లెక్కపెట్టాను. అంతకు ముందు లేచిన బీవర్ 22 అంకెలకి నీళ్ళు వదిలింది. ఇది 34 దాకా చెరువు మీద సాగుతూనే ఉంది. మరిదిగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన కూడా లెక్కపెట్టుకుంటున్నారని పెదాలు చూస్తే తెలిసింది. లేచాక కూడా తొందరగా పైకి పోలేదు. మెల్లగా, వంపు ఎక్కువ తిప్పకుండా, వెడల్పుగా చుట్టు తిరిగి పడమటికి వెళ్ళింది. రెండు గంటల తరవాత ఖాళీగా వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. లోపల చప్పుడుకి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఎక్కడో మరిదిగారు వెనక్కి తిరిగి చెల్లెలికి కిందేదో చూపించారు. అది తొంగి చూసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆ చప్పుడులో నాకు వినబడలేదు.

ఆ నాలుగు రోజుల సంగతులు, దోమల సంగతులు వద్దులెండి. ఊరికే ఒకటి చెప్తాను. పడవని దింపిన చోట, నీళ్ళకి దూరంగా బోర్లించి, చెట్టుకి కట్టి మరీ వెళ్ళాడు ఆ మనిషి. గాలి వస్తే కొట్టుకుపోతుందని.

అక్కడినించి వచ్చిన రాత్రే మావారికి ఫోన్ చేశాను. శ్రావణమాసం పెళ్ళిళ్ళు దగ్గర పడుతున్నాయి. మా బండి మీద గొట్టాలు, గుడ్డలు కట్టేసి, ఆ లోడు మీద ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టి పంపడం ఎప్పట్నించో ఉంది. సామాను జారకుండా వాళ్ళు పట్టుకుంటారట! అది వద్దని నేను పెళ్ళయిన కొత్తల్నించీ చెప్తున్నాను, భయమేస్తుందండీ అని. భయానికి ఎవరు విలువిస్తారు చెప్పండి. ఈసారి భయం మాటెత్తలేదు. "ఏమండీ, సామాను జారకుండా ఉండాలంటే తాడు బిగించాలి గానీ మనిషిని పెట్టకూడదు. మనిషిని పెట్టారంటే మీ ముడి మీద మీకే నమ్మకం లేదన్నమాట" అన్నాను. అటునించి చాలాసేపు చప్పుడు లేదు. "విమానం వేరే, టాటా ఏస్ వేరే" అన్నారు. "ముడి ఒకటేనండీ" అన్నాను.

వచ్చాక చేసిన పనులు చెప్తాను, ఇల్లు మారేవాళ్ళకీ, ఊరికి సామాను పంపేవాళ్ళకీ పనికొస్తాయి. నైలాన్ తాళ్ళు గుడ్డలు ఆరేసుకోడానికి ఉంచేసి, లోడుకి బిగించుకునే పట్టీలు నాలుగు కొనిపించాను. గాలికి రెపరెపలాడేచోట పట్టీకి ఒక మెలిక. పరుపు, చాపలాంటివి చదునుగా నిలబెట్టకుండా చుట్టి, పొడుగు బండి పొడుగున వచ్చేలా కట్టించడం. బయల్దేరిన ఒక కిలోమీటరుకి ఆపి, మళ్ళీ బిగించడం. తాడు కొసలు ఎక్కడా వేలాడకుండా దోపడం, చక్రాలకి చుట్టుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

కుర్రాళ్ళు షేర్ ఆటోలో వెళ్తున్నారు. మనిషికి 40 రూపాయలు, రానూపోనూ 80. ఆ డబ్బు మా చీటీ డబ్బుల్లోంచి ఇస్తున్నాను. మావారు ఇంకా ఆ ఖర్చుని నా పేరు మీదే రాస్తున్నారు పుస్తకంలో.